కొత్తవలస నుండి అరకు దాకా: విద్యుత్ కారు కొనదలచిన కుటుంబానికి ఒక దారి లెక్క

ఉత్తరాంధ్రలో ‘వలస’ అన్న మాటతో ముగిసే ఊళ్లు అనేకం. వాటిలో విజయనగరం జిల్లాలోని కొత్తవలసకు ఒక ప్రత్యేకత ఉంది. విశాఖపట్నానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోని ఈ ఊరు రెండు రైలు మార్గాలు విడిపోయే కూడలి. ఒక మార్గం విజయనగరం, శ్రీకాకుళం రోడ్ మీదుగా హౌరా వైపు సాగుతుంది. రెండవది పడమరకు తిరిగి తూర్పు కనుమలను ఎక్కి, అరకు, కోరాపుట్, జగదల్‌పూర్ దాటి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ చేరుకుంటుంది. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చి, జపానుకు ఎగుమతి చేసేందుకు 1960 దశకంలో ఈ మార్గాన్ని నిర్మించారు. కొత్తవలస దాటాక మల్లివీడు, లక్కవరపుకోట, శృంగవరపుకోట, బొడ్డవర స్టేషన్ల వరకు రైలు మైదానంలోనే పోతుంది. ఆ తర్వాత శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు అంటూ సొరంగం వెంట సొరంగం దాటుతూ, శిమిలిగూడ వద్ద సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తుకు చేరుకుంటుంది.

ఈ వ్యాసం రైలును గురించినది కాదు. విద్యుత్‌తో నడిచే మధ్యతరహా ఎస్‌యూవీ కారు కొనాలని ఆలోచిస్తున్న కుటుంబాలను ఉద్దేశించినది. అయినా రైలుతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. విద్యుత్ వాహనం బలం ఏమిటో, బలహీనత ఏమిటో ఈ మార్గం చూపినంత స్పష్టంగా ఏ ప్రకటనా చూపదు. ఇక్కడ ఖాళీ వ్యాగన్లు కొండ ఎక్కుతాయి, ఖనిజంతో నిండిన వ్యాగన్లు కొండ దిగుతాయి. దిగే బండిని అదుపులో ఉంచడమే అసలు శ్రమ. నేటి త్రీ ఫేజ్ విద్యుత్ ఇంజన్లలో బండి దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి, వేగాన్ని అణచుతూ, పుట్టిన కరెంటును తిరిగి పైనున్న తీగకు పంపుతుంది. ఈ పద్ధతిని రీజనరేటివ్ బ్రేకింగ్ అంటారు. నేటి విద్యుత్ కార్లలోనూ ఉన్నది ఇదే సూత్రం. తేడా ఒక్కటే: కారులో ఆ కరెంటు తీగకు బదులు బ్యాటరీలోకి చేరుతుంది.

కాబట్టి కొత్తవలస నుండి అరకు వరకు ఒక ప్రయాణాన్ని కొలబద్దగా తీసుకుని, ఈ కార్లు మన కుటుంబాలకు ఎంతవరకు తగినవో పరిశీలిద్దాం.

మనకు దూరాలు ఎందుకు ముఖ్యం?

ఉత్తరాంధ్రలో ముస్లిం కుటుంబాలు పలుచగా, దూరదూరంగా నివసిస్తున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల జనాభాలో ముస్లిములు నూటికి ఒకరి కంటే తక్కువ. హైదరాబాదు పాతబస్తీలోనో, గుంటూరు, కర్నూలు పట్టణాలలోనో పక్క వీధిలో అత్తవారిల్లు, ఎదురు వీధిలో మేనమామ ఇల్లు ఉండవచ్చు. కొత్తవలసలోని కుటుంబానికి ఒక బంధువు విశాఖలో ఉంటే, మరొకరు పార్వతీపురంలో, ఇంకొకరు శ్రీకాకుళంలో ఉంటారు. నికాహ్, అఖీఖా, పండుగ, రోగి పరామర్శ – అన్నింటికీ ప్రయాణం తప్పదు. అర్ధరాత్రి వేళ మరణ వార్త వచ్చి, ఉదయానికల్లా జనాజాకు చేరవలసిన సందర్భాలూ ఎదురవుతాయి. అటువంటి రాత్రి కారులో ఎంత ఛార్జి మిగిలి ఉన్నదన్నది ఆ ఇంటికి సాంకేతిక వివరం మాత్రమే కాదు.

అందుచేత కారు ఎంపిక మొదలుకావలసింది షోరూమ్‌లో కాదు, ఇంట్లో. గడిచిన సంవత్సరంలో కుటుంబం ఎక్కడెక్కడికి వెళ్లింది, ఒక్కో ప్రయాణం ఎన్ని కిలోమీటర్లు, ఎందరు వెళ్లారు అని ఒక కాగితం మీద వ్రాసుకోండి. ఆ కాగితమే అసలు కొలత.

సంఖ్యలను ఎలా చదవాలి?

మధ్యతరహా ఎస్‌యూవీలలో ఇప్పుడు అనేక విద్యుత్ కార్లు ఉన్నాయి. ఎంజీ జెడ్‌ఎస్ ఈవీ 2020లో, టాటా కర్వ్ ఈవీ 2024లో మన దేశ విపణిలోకి వచ్చాయి. ఉదాహరణకు ఇక్కడ హ్యుందాయ్ క్రెటా ఎలక్ట్రిక్‌ను తీసుకుందాం. పెట్రోలు, డీజిలు రూపాలలో ఈ కారు మన రోడ్ల మీద ఇప్పటికే సుపరిచితం గనుక పోల్చిచూడటం సులువు. 2025 జనవరిలో విడుదలైన ఈ కారు రెండు బ్యాటరీలతో లభిస్తుంది. ఒకటి 42 కిలోవాట్ అవర్, రెండవది 51.4 కిలోవాట్ అవర్. విడుదల సమయంలో షోరూమ్ ధర దాదాపు 18 లక్షల రూపాయల నుండి మొదలైంది. ఒకసారి ఛార్జి చేస్తే చిన్న బ్యాటరీ 390, పెద్ద బ్యాటరీ 473 కిలోమీటర్లు పోతుందని సంస్థ అప్పుడు ప్రకటించింది.

‘కిలోవాట్ అవర్’ అన్న మాటకు బెదరనవసరం లేదు. మన ఇంటి మీటరు మీద ‘యూనిట్’ అని చదివేది దానినే. 42 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అంటే 42 యూనిట్లు పట్టే పాత్ర అని అర్థం.

ఇక ప్రకటించిన దూరం సంగతి. ఆ సంఖ్య నిర్ణీత పరీక్షా పద్ధతిలో, నిదానమైన వేగాలతో వచ్చినది. మన ఎండలో ఏసీ వేసుకుని, ఐదుగురు కూర్చుని, సామాను నింపుకుని వెళితే అంత దూరం రాదు. ఈ పరిమాణంలోని కారు సాధారణ రోడ్ల మీద కిలోమీటరుకు 150 వాట్ అవర్లు, అంటే 100 కిలోమీటర్లకు 15 యూనిట్లు ఖర్చు చేస్తుందని లెక్కించుకోవడం క్షేమం. జాతీయ రహదారి మీద గంటకు 100 కిలోమీటర్ల వేగం పట్టుకుంటే ఆ ఖర్చు 18 యూనిట్లు దాటుతుంది. ఈ లెక్కన 42 యూనిట్ల బ్యాటరీ ఆచరణలో సుమారు 280 కిలోమీటర్లు, 51.4 యూనిట్లది సుమారు 340 కిలోమీటర్లు పోగలదు. అందులోనూ చివరి పదో వంతును అత్యవసరానికి విడిచిపెట్టాలి.

కొండ అడిగే మూల్యం, తిరిగి ఇచ్చేది

ఇప్పుడు మన దారికి వద్దాం. కొత్తవలస నుండి లక్కవరపుకోట మీదుగా శృంగవరపుకోట దాకా చదునైన రోడ్డు. ఆపైన ఘాట్ మొదలై త్యాడ, అనంతగిరి, సుంకరిమెట్ట కాఫీ తోటల మీదుగా అరకు చేరుతుంది. మొత్తం దూరం సుమారు 85 కిలోమీటర్లు. అరకు లోయ ఎత్తు సుమారు 900 మీటర్లు.

మనుషులతో, సామానుతో కలిపి కారు బరువు 2 టన్నులు అనుకుందాం. అంత బరువును 900 మీటర్లు పైకెత్తడానికి కావలసిన శక్తి దాదాపు 5 యూనిట్లు. మోటారులో వృథా అయ్యేదాన్ని కలిపితే ఐదున్నర. దూరానికి అయ్యే ఖర్చు 13 యూనిట్లు. మొత్తం పద్దెనిమిదిన్నర యూనిట్లతో అరకు చేరతాము. ఘాట్ మీద ఛార్జి అంకె వేగంగా పడిపోవడం చూసి కొత్తవారు కంగారుపడతారు. ఆ కంగారు అనవసరం. తిరుగు ప్రయాణంలో కొండ తాను తీసుకున్నదానిలో కొంత తిరిగి ఇస్తుంది. దిగేటప్పుడు రీజనరేటివ్ బ్రేకింగ్ వలన మూడు, మూడున్నర యూనిట్లు ఆదా అవుతాయి. కాబట్టి తిరుగు దారి ఖర్చు 10 యూనిట్లలోపే. రానుపోను 170 కిలోమీటర్లకు సుమారు 28 యూనిట్లు. ఏసీ, వాన, మంచు, వాహనాల రద్దీ అన్నింటికీ మరో నాలుగు కలిపినా 32.

అంటే చిన్న బ్యాటరీ కారు కూడా కొత్తవలసలో నిండుగా ఛార్జి చేసుకుని బయలుదేరితే, అరకులో ఎక్కడా ఛార్జింగ్ కోసం వెదకకుండా, సుమారు 10 యూనిట్లు మిగుల్చుకుని ఇంటికి తిరిగి రాగలదు. పెట్రోలు కారు అదే ఘాట్ దిగేటప్పుడు ఆ శక్తినంతా బ్రేకుల వేడిగా గాలిలో కలుపుతుంది. ఘాట్ దిగువన బ్రేకు మాడిన వాసన తగలడానికి కారణం అదే.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన జాగ్రత్త ఒకటి. అరకులో బస చేసి, అక్కడే కారును నూటికి నూరు శాతం ఛార్జి చేసుకుని వెంటనే కొండ దిగడం మంచిది కాదు. నిండిన పాత్రలో నీళ్లు పట్టనట్లే, నిండిన బ్యాటరీలోకి కొత్త కరెంటు వెళ్లదు. అప్పుడు రీజనరేటివ్ బ్రేకింగ్ సరిగా పనిచేయక, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. కొండ మీద 80 లేదా 85 శాతంతో ఆపడం భద్రతకూ, పొదుపుకూ మేలు.

పెద్ద బ్యాటరీ ఎవరికి అవసరం?

కొత్తవలస నుండి విశాఖకు రానుపోను 60 కిలోమీటర్లు, 9 యూనిట్లు. విజయనగరానికి రానుపోను 70 కిలోమీటర్లు, పదిన్నర యూనిట్లు. ఈ రెండు పట్టణాల మధ్యనే జీవితం సాగే కుటుంబానికి పెద్ద బ్యాటరీ కోసం అదనంగా డబ్బు పోయడం అవసరం లేదు. నెలకు ఒకసారి అరకు వెళ్లినా చిన్నదే చాలునని పైన చూశాము.

పార్వతీపురం సంగతి వేరు. సుమారు 115 కిలోమీటర్లు పోయి అదే రోజు తిరిగి రావాలంటే 230 కిలోమీటర్లు, 35 నుండి 37 యూనిట్లు. 42 యూనిట్ల బ్యాటరీలో మిగిలేది అతి స్వల్పం. బంధువుల ఇంట భోజనం చేసే సమయంలో మూడు గంటలు మామూలు 15 ఆంపియర్ల సాకెట్‌కు తగిలిస్తే 8, 9 యూనిట్లు ఎక్కుతాయి. అది వీలుకాని చోట, లేదా ఇంట్లో క్రమం తప్పక ఆసుపత్రికి దూర ప్రయాణం చేయవలసిన రోగి ఉన్నచోట, పెద్ద బ్యాటరీ కోరడంలో న్యాయముంది.

ఇక హైదరాబాదు. కొత్తవలస నుండి సుమారు 620 కిలోమీటర్లు. రహదారి వేగంతో 51.4 యూనిట్ల కారు తొలి విడతలో 250 కిలోమీటర్లు పోతుంది. ఆ తర్వాత ఫాస్ట్ ఛార్జర్ దగ్గర ఆగాలి. 50 కిలోవాట్ల ఛార్జరుతో 10 నుండి 80 శాతానికి 58 నిమిషాలు పడుతుందని సంస్థ చెబుతున్నది. ఆ ఛార్జితో మరో 200 కిలోమీటర్లు పోవచ్చు. అంటే దారిలో రెండు విరామాలు, ఒక్కొక్కటి సుమారు గంట. ఫజ్ర్ నమాజు తర్వాత బయలుదేరితే ఒక విరామం మధ్యాహ్న భోజనానికి, జుహర్‌కు. మరొకటి అస్ర్‌కు సరిపోతుంది. వృద్ధులు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబం ఎలాగూ అన్నిసార్లు ఆగుతుంది. కాని ఛార్జరు చెడిపోయి ఉండవచ్చు, ముందు మరో రెండు కార్లు వరుసలో ఉండవచ్చు. అందువలన 10 శాతానికి దిగేదాకా ఆగకుండా, 25 శాతం ఉండగానే ఛార్జరు చూసుకోవడం, దాని తర్వాతి ఛార్జరు ఎక్కడుందో ముందే తెలుసుకుని ఉంచుకోవడం వివేకం.

మొదట చెప్పిన అర్ధరాత్రి ప్రయాణానికి కూడా సమాధానం ఇదే. ఇంట్లో కారు ఎప్పుడూ సగానికి తగ్గకుండా చూసుకోవాలి. రాత్రి పడుకునే ముందు తలుపు గడియ వేసినట్లే ఛార్జింగ్ చూసుకోవడం అలవాటు కావాలి.

ఇల్లు అనుకూలంగా ఉన్నదా?

కారుకు ముందు ఇంటిని పరీక్షించండి. సొంత ఆవరణలో కారు నిలిపే చోటు లేని కుటుంబానికి విద్యుత్ కారు సౌకర్యం కంటే చికాకునే ఎక్కువ ఇస్తుంది. కిటికీలోంచి తీగ లాగి, వీధికి అడ్డంగా పరచి ఛార్జి చేయడం ప్రమాదకరం. దారిన పోయేవారికి ఆటంకం కలిగించకపోవడం, పొరుగువారికి హాని చేయకపోవడం మన ధర్మం బోధించిన కనీస మర్యాద. వానాకాలంలో తడిసిన తీగ మీద పిల్లవాడి కాలు పడితే దానికి జవాబుదారులం మనమే అవుతాము.

చోటు ఉంటే, ఇంటికి మంజూరైన లోడు ఎంతో చూడండి. 15 ఆంపియర్ల సాకెట్ గంటకు సుమారు 3 యూనిట్లు ఇస్తుంది. రాత్రి ఎనిమిది గంటలలో 24 యూనిట్లు, అంటే దాదాపు 150 కిలోమీటర్ల ప్రయాణం. రోజువారీ అవసరానికి ఇది చాలా ఎక్కువే. గోడకు బిగించే 7.4 కిలోవాట్ల ఛార్జరు సింగిల్ ఫేజ్ మీద పనిచేస్తుంది. 11 కిలోవాట్లదానికి త్రీ ఫేజ్ కావాలి. లోడు పెంచవలసి వస్తే ఈ ప్రాంతానికి విద్యుత్ సరఫరా చేసే ఈపీడీసీఎల్ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. ఎర్తింగ్ సరిగా ఉన్నదో లేదో అర్హత కలిగిన ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించడం తప్పనిసరి. పాత ఇళ్లలో ఎర్తింగ్ పేరుకే ఉంటుంది.

తుఫానుల మాటేమిటని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖను, 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లాను తాకినప్పుడు అనేక గ్రామాలు రోజుల తరబడి చీకటిలో ఉన్నాయి. తుఫాను హెచ్చరిక రాగానే కారును నిండుగా ఛార్జి చేసి, నీరు నిలవని మెరక ప్రదేశంలో ఉంచాలి. క్రెటా ఎలక్ట్రిక్ వంటి కొన్ని కార్లలో బ్యాటరీ నుండి బయటి పరికరాలకు కరెంటు ఇచ్చే వీటూఎల్ అనే ఏర్పాటు ఉంది. ఒక ఫ్యాను, రెండు దీపాలు, వీధివారందరి ఫోన్ల ఛార్జింగ్ దానితో కొన్ని రోజులు నడపవచ్చు. అరకు కొండల మీద ఇంటి నుండి తెచ్చుకున్న బిర్యానీని వేడి చేసుకోవడానికీ అది ఉపయోగిస్తుంది. అక్కడి బొంగులో చికెన్ జబీహా అవునో కాదో తెలియక చాలా కుటుంబాలు భోజనం వెంట తీసుకువెళ్తాయి కనుక ఇదీ చిన్న విషయం కాదు.

పొదుపు నిజమేనా?

ఇప్పుడు అసలు ప్రశ్న. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబాన్ని తీసుకుందాం. లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు ఎస్‌యూవీకి సుమారు 71 లీటర్లు కావాలి. లీటరు 110 రూపాయల చొప్పున 7,800 రూపాయలు. విద్యుత్ కారుకు ఛార్జింగ్‌లో పోయే నష్టంతో కలిపి 165 యూనిట్లు. మన రాష్ట్రంలో గృహ వినియోగం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరుగుతుంది. కారు వలన ఇంటి బిల్లు పై స్లాబులోకి వెళుతుంది గనుక యూనిట్‌కు దాదాపు 10 రూపాయలు వేసుకోవడం న్యాయం. అప్పుడు 1,600 రూపాయల పైచిలుకు. నెలకు ఆదా సుమారు 6,200. ఏడాదికి సుమారు 74,000 రూపాయలు.

ఈ సంఖ్య ఆకర్షణీయంగానే ఉంది. అదే తరహా పెట్రోలు కారు కంటే విద్యుత్ కారుకు 5 లక్షలు ఎక్కువ పెట్టవలసి వస్తే, ఆ తేడా తీరడానికి దాదాపు ఏడేళ్లు పడుతుంది. నెలకు 2,000 కిలోమీటర్లు తిరిగే వ్యాపారికి మూడున్నర ఏళ్లలోనే తీరుతుంది. నెలకు 500 కిలోమీటర్లు మాత్రమే తిరిగేవారికి పదమూడేళ్లు దాటుతుంది. ఈ కార్ల బ్యాటరీకి సాధారణంగా ఇచ్చే హామీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. కాబట్టి తక్కువ తిరిగే కుటుంబానికి పొదుపు అన్న వాదన వర్తించదు. వారు కొంటే సౌఖ్యం కోసమో, పొగ లేని ప్రయాణం కోసమో కొనాలి గాని లాభం వస్తుందని కాదు.

పొగ విషయంలోనూ నిజాయితీ అవసరం. కారు పొగ వదలదు, నిజమే. కాని విశాఖ సమీపాన పరవాడలోని 2,000 మెగావాట్ల సింహాద్రి విద్యుత్ కేంద్రం బొగ్గుతోనే నడుస్తున్నది. ఇంటి పైకప్పు మీద 3 కిలోవాట్ల సౌర ఫలకాలు పెట్టుకుంటే నెలకు సుమారు 350 యూనిట్లు వస్తాయి. కారుకు కావలసినది అందులో సగమే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇటువంటి ఏర్పాటుకు 78,000 రూపాయల వరకు రాయితీ ఉంది. కారుతోపాటు దీనినీ ఆలోచించేవారికి పొదుపు, పరిశుభ్రత రెండూ నిజమవుతాయి.

వడ్డీ మింగే ఆదా

షోరూమ్‌లో ఆదా లెక్క చెప్పేవారు రెండవ లెక్క చెప్పరు. 15 లక్షల రూపాయలను 9 శాతం వడ్డీకి ఏడేళ్ల వాయిదాలతో అప్పు తీసుకుంటే నెలసరి వాయిదా సుమారు 24,100 రూపాయలు. ఏడేళ్లకు చెల్లించేది 20 లక్షల 27 వేలు. అందులో వడ్డీయే 5 లక్షల 27 వేలు. పైన చూసిన పెట్రోలు ఆదా ఏడేళ్లకు ఎంత? 5 లక్షల 20 వేలు. పెట్రోలు బంకుకు వెళ్లవలసిన ప్రతి రూపాయీ బ్యాంకుకు వెళుతుందన్నమాట. పెట్రోలు కారును అప్పు మీద కొన్నా వడ్డీ ఉంటుంది. కాని ఖరీదు ఎక్కువైనకొద్దీ వడ్డీ కూడా ఎక్కువ.

వడ్డీ నిషిద్ధమని మన ఇళ్లలో తెలియనివారు లేరు. తెలిసి కూడా ‘కారు విషయంలో తప్పదు’ అనుకునేవారు కొందరున్నారు. వారు ఈ లెక్కను ఒక్కసారి శ్రద్ధగా చూడాలి. ఇక్కడ ధర్మం వద్దన్నది, గణితం కూడా లాభం లేదనే చెబుతున్నది. మధ్యతరహా ఎస్‌యూవీ కూడు, గూడు వంటి అత్యవసరం కాదు. వేచి ఉండటం సాధ్యమైన కోరిక.

వేచి ఉన్నవారికి దారులు లేకపోలేదు. మొదటిది, చిన్న కారు. మన లెక్కలో అరకుకు రానుపోను 32 యూనిట్లు చాలు. కాబట్టి అంతకు కాస్త పైబడిన బ్యాటరీ ఉన్న కాంపాక్టు విద్యుత్ కారు కూడా అదే పని చేసిపెడుతుంది. రెండవది, ఒకరు వాడిన కారు. దీనిలో కిలోమీటర్ల కంటే బ్యాటరీ ఆరోగ్యాన్ని చూడాలి. అధీకృత సర్వీసు కేంద్రంలో పరీక్ష చేయించి ఆ శాతాన్ని కాగితం మీద తీసుకోండి. బ్యాటరీ హామీ రెండవ యజమానికి ఎంతవరకు వర్తిస్తుందో వ్రాతపూర్వకంగా అడగండి. మూడవది, కుటుంబంలోనే వడ్డీ లేని అప్పు, అంటే ఖర్జె హసన్. అన్నదమ్ముల మధ్య అయినా దానిని గడువుతో సహా వ్రాసుకుని, సాక్షులను పెట్టుకోవడం మనకు నేర్పిన పద్ధతి. నాలుగవది, మురాబహా: పెట్టుబడిదారు ముందు తానే కారును కొని, దాని బాధ్యత వహించి, తన లాభం ఎంతో చెప్పి, స్థిరమైన ధరకు వాయిదాల మీద మీకు అమ్ముతాడు. ఆలస్యమైతే ధర పెరగకూడదు. వడ్డీకే పేరు మార్చి అమ్మేవారూ ఉంటారు గనుక ఒప్పంద పత్రాన్ని తెలిసిన ఉలమాకు చూపి సంతకం చేయడం మంచిది. ‘సున్నా వడ్డీ’ పథకాలలో నగదుకు ఇచ్చే తగ్గింపు ఎంత కోల్పోతున్నామో, ప్రాసెసింగ్ రుసుము ఎంతో అడిగితే అసలు రూపం బయటపడుతుంది.

కుటుంబంతో కలిసి పరీక్షించండి

టెస్ట్ డ్రైవ్‌కు ఒంటరిగా వెళ్లవద్దు. ఇంటి పెద్దలను వెంట తీసుకువెళ్లండి. విద్యుత్ కార్లలో బ్యాటరీ నేల కింద ఉండటం వలన వెనుక సీటులో పాదాలు ఉంచే చోటు కొంత ఎత్తుగా ఉండవచ్చు. అప్పుడు మోకాళ్లు పైకి లేచి, తొడలకు ఆధారం తగ్గుతుంది. మోకాళ్ల నొప్పులున్న దాదీమా అరగంట కూర్చుని చెప్పే మాట ఏ నిపుణుడి సమీక్ష కంటే విలువైనది. వెనుక ముగ్గురు పెద్దలు కూర్చున్నప్పుడు కారు అడుగు స్పీడ్ బ్రేకరుకు తగులుతున్నదా చూడండి. యాక్సిలరేటర్ మీద నుండి కాలు తీయగానే కారు దానంతట అదే నెమ్మదించే తీరు కొందరికి కడుపులో తిప్పుతుంది. ఆ రీజనరేషన్ స్థాయిని తగ్గించి, పెంచి చూసి, ఇంటివారికి ఏది హాయిగా ఉన్నదో తెలుసుకోండి. వీలైతే కొంత ఎక్కుడు ఉన్న రోడ్డు మీద నడపండి.

ఈ కార్లు తొలి క్షణం నుండే పూర్తి బలంతో ముందుకు దూకుతాయి. చప్పుడు కూడా తక్కువ. పల్లె వీధులలో ఆడుకునే పిల్లలకు, మేకలు తోలుకుపోయే వృద్ధులకు కారు వస్తున్న సంగతి వినపడదు. కొత్తగా డ్రైవింగ్ నేర్చిన కుమారునికి తాళం ఇచ్చే ముందు ఈ రెండు సంగతులు చెప్పడం తండ్రి బాధ్యత.

చివరిగా తీర్పు ఏమిటి? సొంత ఆవరణ ఉండి, నెలకు 1,000 కిలోమీటర్లకు పైగా తిరుగుతూ, వడ్డీ లేకుండా కొనగలిగిన కుటుంబానికి ఇటువంటి కారు ఉత్తరాంధ్ర రోడ్ల మీద అన్ని విధాలా తగినదే. కొండ దానికి అడ్డంకి కాదు. నిజానికి కొండ దారిలోనే దాని సుగుణం తెలుస్తుంది. ఈ మూడింటిలో ఒక్కటి లోపించినా ఆగండి. ఇప్పుడున్న వాహనంతో మరో రెండేళ్లు గడపడం వలన గౌరవం తగ్గదు. ఈలోపు నెలనెలా ఆ వాయిదా మొత్తాన్నే పక్కన పెట్టి చూడండి. 24,000 రూపాయల చొప్పున రెండేళ్లకు దాదాపు 5 లక్షల 80 వేలు కూడతాయి. ఆ మొత్తాన్ని కూడబెట్టగలిగిన ఇల్లు కారును కూడా నిలుపుకోగలదు. కూడబెట్టలేకపోతే, ఆ వాయిదాల భారం ఇంటిని ఎంతగా కుంగదీసి ఉండేదో అప్పు చేయకుండానే తెలిసివస్తుంది. అవసరానికి మించినది కొనడం దుబారా, అవసరమైనదానిని తగిన సమయంలో, తగిన మార్గంలో సమకూర్చుకోవడం వివేకం. ఆ వివేకాన్ని అల్లాహ్ మన కుటుంబాలన్నింటికీ ప్రసాదించుగాక!